బుష్ పక్కన ఇల్లు, కంచె కింద పాము: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆస్ట్రేలియా నగరాల అంచుల్లో, బుష్‌కూ (ఊరి అంచున చెట్లూ పొదలూ పెరిగిన అడవికి) వాగులకూ ఆనుకుని వెలసిన కొత్త కాలనీల్లో ఉంటున్న తెలుగువాళ్ల నుంచి సెప్టెంబర్ రాగానే పాముల ప్రశ్నలు మొదలవుతాయి. చలికాలమంతా కదలకుండా పడి ఉన్న పాములు అక్కడి వసంతంలో బయటికొచ్చి ఏప్రిల్ దాకా తిరుగుతుంటాయి. ఒకే సంగతి అడిగినవాళ్ల ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. వెనక గడ్డి మైదానం, కాస్త దూరంలో వాగు. ఈ వేసవిలో రెండుసార్లు పెరట్లో పాము కనిపించింది. ఇక్కడే కాపురం పెట్టిందా? రాకుండా ఏం చేయాలి?

జవాబు: కాపురం పెట్టకపోయి ఉండొచ్చు. చాలావరకు మీరు చూసేది ఒకచోట నుంచి ఇంకోచోటికి పోతూ మీ పెరడు దాటుతున్న పామునే. పక్క స్థలంలో మట్టి తవ్వే యంత్రాలు దిగితే అక్కడి ఎలుకలూ పాములూ చెల్లాచెదురవుతాయి. కాలనీ కొత్తగా ఉన్నన్నాళ్లు పాములు ఎక్కువగా కనబడడానికి ఇదొక కారణం. దాటిపోయే పాము మీ దగ్గర ఆగాలంటే తిండి దొరకాలి, దాక్కునే చోటు దొరకాలి. ఈ రెంటినీ తీసేయడమే మీ పని.

తిండి సంగతి ముందు చూడండి. మీ ప్రాంతంలో తిరిగే ఈస్టర్న్ బ్రౌన్ అనే విషప్పాము పెద్దదైతే ప్రధానంగా ఎలుకల్ని తింటుంది, పిల్లగా ఉన్నప్పుడు స్కింకుల్ని, అంటే మన నలికిరి లాంటి చిన్న బల్లుల్ని తింటుంది. టైగర్ పాముకు కప్పలంటే ఇష్టం, అందుకే వాగుల వెంట ఉంటుంది. పిట్టలకని గోడ మీద పెట్టే మిగిలిన అన్నం, కోళ్ల దాణా, మూతలేని కంపోస్టు, కుక్క తినకుండా వదిలేసిన గిన్నె, ఇవన్నీ ఎలుకల్ని పిలుస్తాయి. ఎలుకలొచ్చిన చోటికి పాము రావడం ఎంతసేపు! దాణాను రేకు డబ్బాలో మూత బిగించి పెట్టండి. కంపోస్టు డబ్బా అడుగున సన్న కన్నాల ఇనుప జాలీ వేయండి. ఎలుకలకు మందు పెట్టే బదులు పెట్టెలో అమర్చిన బోను వాడండి. మందు తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబా చావొచ్చు, పామూ చావొచ్చు. రెండూ మీకు ఎలుకల్ని తగ్గించేవే.

ఇక దాక్కునే చోట్లు. పెరట్లో నేలమీద పడి ఉన్న రేకు ముక్క అన్నింటికంటే చెడ్డది. పొద్దున ఎండకు వేడెక్కుతుంది, కింద చీకటి, కన్నాల్లో చిట్టెలుకలు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పలకలు, ఇటుకలు, ప్లాస్టిక్ పట్టాలు వెంటనే తీసేయించండి. కట్టెలు నిల్వ చేస్తే నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున స్టాండు మీద, ఇంటికి దూరంగా పెట్టండి. మట్టి జారకుండా రాళ్లు పేర్చి కట్టిన గోడ (రిటైనింగ్ వాల్) ఉంటే రాళ్ల మధ్య సందుల్ని సిమెంటుతో పూడ్చండి, నీళ్లు పోయే గొట్టాలను మాత్రం మూయకుండా చివర జాలీ బిగించండి. గడ్డి పొట్టిగా ఉంచండి. పొదలుంటే అడుగున 30 సెంటీమీటర్ల మేర కొమ్మలు కత్తిరిస్తే కింద ఏముందో నిలబడే కనబడుతుంది.

రేకు కంచె మీదికి పాము ఎక్కడం కష్టం, కింద నుంచి దూరడం మాత్రం తేలిక. కంచె అడుగునా గేటు అడుగునా సెంటీమీటరు సందు చాలు దానికి. ఇంటి తలుపులకూ గ్యారేజ్ షట్టర్‌కూ అడుగున సందు మూసే కుచ్చు పట్టీ, బ్రష్ సీల్ అంటారు, వేయించండి. ఇటుక గోడ అడుగు వరసలో ఉండే సన్నటి నిలువు సందుల్ని, వీప్ హోల్స్ అంటారు, సిమెంటుతో మూసేసిన ఇళ్లు ఉన్నాయి. ఆ పని చేయకండి. గోడలోని తేమ పోవడానికే అవి ఉన్నాయి. వాటికి సరిపోయే స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి.

మనవాళ్ల ఇళ్లకే ప్రత్యేకమైనది ఒకటుంది: గుమ్మం బయట వరసగా చెప్పులూ బూట్లూ. నేలమీద వదలకుండా మూతున్న పెట్టెలోనో, ఎత్తైన స్టాండు మీదో పెట్టి, తొడుక్కునే ముందు దులపండి. పాముకంటే సాలీళ్ల బెడదకు ఇది ఎక్కువ పనికొస్తుంది, అయినా అలవాటు మంచిదే. ఆనపపాదుకో పండ్ల చెట్టుకో పిట్టలు రాకుండా వల కడుతుంటే దాని కన్నం 5 మిల్లీమీటర్లు దాటకూడదు. విక్టోరియాలో ఇళ్లలో వాడే వలలకు ఇది 2021 సెప్టెంబర్ 1 నుంచి చట్టం. వెడల్పు కన్నాల వలలో పాము సగం దూరి ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న పామును విడిపించబోయి కాటు తినేవాళ్లున్నారు.

ప్రశ్న: ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు, పాము కరిస్తే కాటుకు పైన తాడుతో బిగించి కట్టాలంటారు. ఇక్కడ ఆఫీసులో చెప్పిన ఫస్ట్ ఎయిడ్‌లో కాలంతా బ్యాండేజ్ చుట్టమన్నారు. ఏది సరైనది? (సిడ్నీ, ద పాండ్స్)

జవాబు: తాడు ఎక్కడా సరైనది కాదు, ఇండియాలో కూడా. రక్తం ఆగిపోయి కాలో చెయ్యో పాడవుతుంది, విప్పినప్పుడు విషం ఒక్కసారిగా లోపలికి పోతుంది. కాటు మీద కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం కూడా వద్దు.

బ్యాండేజ్ పద్ధతి ఆస్ట్రేలియాలోనే పుట్టింది. 1970ల చివర స్ట్రువాన్ సదర్లాండ్ అనే డాక్టరు దీన్ని రూపొందించాడు. అక్కడి విషప్పాముల కాటులో విషం ముందు రక్తంలోకి కాకుండా చర్మం కింద లింఫ్ అనే ద్రవం పారే సన్న నాళాల గుండా పాకుతుంది. ఆ ద్రవాన్ని ముందుకు తోసేది కండరాల కదలిక. అందుకని కాలిని పూర్తిగా వత్తిపెట్టి కదలకుండా ఉంచితే విషం అక్కడక్కడే ఆగుతుంది, రక్తం మాత్రం పారుతూనే ఉంటుంది. మన రక్తపింజర లాంటి వైపర్ల కాటు చుట్టుపక్కల కండను కుళ్లబెడుతుంది గనక అక్కడ ఈ కట్టును మామూలుగా సలహా ఇవ్వరు. ఆస్ట్రేలియాలో వైపర్లు లేనే లేవు. మీ నాన్నగారికి ఈ తేడా చెబితే ఒప్పుకుంటారు.

చేయాల్సిన వరస ఇది. పాముకు దూరంగా జరిగి కరిచిన మనిషిని అక్కడే పడుకోబెట్టండి. కారు దాకా నడిపించకండి, ఇంట్లోకి కూడా నడిపించకండి. ఒకరు 000కు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు కట్టు మొదలుపెట్టాలి. ఉంగరాలు, గాజులు, గొలుసులు తీసేయండి. ప్యాంటు విప్పొద్దు, పైనుంచే చుట్టండి. కాటును కడగకండి, తుడవకండి. చర్మం మీద మిగిలిన విషం ఏ పామో తేల్చడానికి ఆసుపత్రిలో పనికిరావచ్చు.

10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న సాగే బ్యాండేజ్ తీసుకుని ముందు కాటు మీద చుట్టండి. రెండో రోల్‌ను కాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి, తొడ మొదలు దాకా ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా తీసుకెళ్లండి. వేళ్ల చివరలు మాత్రం కనబడనివ్వండి. ఉన్నది ఒకటే రోల్ అయితే వేళ్ల దగ్గరే మొదలెట్టి కాటును కప్పుకుంటూ పైకి పోండి. బిగువు ఎంత? బెణికిన మడమకు కట్టే కట్టుకంటే గట్టిగా. చర్మానికీ కట్టుకూ మధ్య వేలు తేలిగ్గా దూరకూడదు. వేళ్లు చల్లబడి పాలిపోతే మరీ బిగిసిందని అర్థం, కొంచెం వదులు చేయండి. సాధారణంగా జరిగే తప్పు బిగువు ఎక్కువవడం కాదు, చాలకపోవడం. అందుకే పాముకాటు కోసమని అమ్మే బ్యాండేజ్‌ల మీద దీర్ఘచతురస్రాలు ముద్రించి ఉంటాయి; సరిగ్గా లాగినప్పుడు అవి చతురస్రాలవుతాయి. పెద్దవాళ్ల కాలికి ఒక రోల్ చాలదు. ఇంట్లో మూడు, కారులో మూడు ఉంచుకోండి.

తర్వాత కర్రో, చుట్టిన పత్రికో ఆసరాగా పెట్టి కట్టి కీళ్లు కదలకుండా చేయండి. ఏదీ లేకపోతే రెండో కాలికే కట్టేయండి. చెయ్యి అయితే జోలె వేయండి. కాటు పడిన చోట కట్టు మీద పెన్నుతో గుర్తు పెట్టి, కరిచిన టైమూ కట్టు వేసిన టైమూ రాయండి. ఆ తర్వాత ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పేదాకా కట్టు విప్పొద్దు. చూద్దామని విప్పగానే, ఆగి ఉన్న విషం కదిలి మనిషి కుప్పకూలవచ్చు. మొండెం మీద కరిస్తే ఊపిరికి అడ్డు రాకుండా అక్కడ గట్టిగా వత్తిపట్టండి. శ్వాస ఆగితే వెంటనే సీపీఆర్.

నొప్పి లేదని, గాట్లు కనబడలేదని తేలిగ్గా తీసుకోకండి. బ్రౌన్ కోరలు చాలా చిన్నవి. ముల్లు గీరినట్టున్న కాటే గంటలోపు ప్రాణం మీదికి తేవచ్చు. అలాగని ప్రతి కాటులోనూ విషం దిగదు. లక్షణాలేవీ లేకపోయినా ఆసుపత్రిలో 12 గంటలపాటు ఉంచుకుని మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు చేసేది అందుకే. విషం దిగిందని తేలితేనే యాంటీవెనమ్ (విషానికి విరుగుడు మందు) ఇస్తారు. పిల్లలకూ పెద్దల డోసే ఇస్తారు, పాము చిన్నపిల్లాడని తక్కువ విషం ఎక్కించదు కదా. ఏటా పాముకాటుతో చనిపోయేవాళ్లు ఆ దేశం మొత్తం మీద సగటున ఇద్దరు ముగ్గురే. కట్టు, అంబులెన్స్, యాంటీవెనమ్ ఈ వరసలో అందడం దానికి పెద్ద కారణం.

పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు ఒకటి నేర్పండి. 000కు చేసి "అంబులెన్స్" అని, తర్వాత "తెలుగు" అని చెబితే చాలు, దుబాసీని కలుపుతారు. లైన్ కట్ చేయకుండా ఆగాలి. ఫోన్‌లో ఎమర్జెన్సీ ప్లస్ యాప్ ఉంటే తాము ఉన్న చోటు కూడా చెప్పగలుగుతారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ల ఇన్సూరెన్స్‌లో అంబులెన్స్ ఉందో లేదో వచ్చిన వారంలోనే చూసుకోండి. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా అంబులెన్స్ ఖర్చు భరించదు. క్వీన్స్‌ల్యాండ్, టాస్మానియా తమ రాష్ట్రవాసులకు ఉచితంగా ఇస్తాయి. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌లో మెంబర్‌షిప్పో ఇన్సూరెన్సో ఉండాలి.

ప్రశ్న: మాది కాన్‌బెర్రాలో గంగాలిన్. మేం చూసిన పాము నల్లగా ఉంది కాబట్టి బ్రౌన్ కాదనుకోవచ్చా? తల త్రికోణంగా లేకపోతే విషం లేనట్టేనా?

జవాబు: రెండూ కాదు. ఈస్టర్న్ బ్రౌన్ లేత గోధుమ రంగు నుంచి దాదాపు నలుపు దాకా ఏ రంగులోనైనా ఉంటుంది. పిల్లలకు తల మీద నల్లమచ్చ, కొన్నింటికి ఒళ్లంతా పట్టీలు ఉంటాయి. టైగర్ పాముకు పట్టీలు లేకుండానూ ఉండొచ్చు. త్రికోణం తల అనే లెక్క వైపర్లున్న దేశాలది. ఇక్కడ సన్నని తలతో బక్కగా కనిపించే బ్రౌనే దేశంలో పాముకాటు మరణాలకు అన్నింటికంటే ఎక్కువ కారణం. త్రికోణంగా కనిపించే తల విషం లేని కొండచిలువకూ ఉంటుంది.

సిడ్నీ, బ్రిస్బేన్‌వాళ్లకు వాగుల పక్కన కనబడే రెడ్ బెల్లీడ్ బ్లాక్, మిలమిల మెరిసే నల్లటి వీపూ పక్కల ఎర్రటి అంచూ ఉన్నది, గుర్తుపట్టడానికి తేలిక. దాని కాటుతో మరణాలు బహు అరుదు, ఆసుపత్రి మాత్రం తప్పదు. అది వేరే పాముల్ని తింటుంది గనక అదున్న చోట బ్రౌన్ ఉండదని చాలామంది చెబుతారు. అది నిజం కాదు, రెండూ ఒకే వీధిలో తిరుగుతాయి.

పాము పిల్ల అనుకుని భయపడేది చాలాసార్లు బ్లూ టంగ్ బల్లి అయి ఉంటుంది. పట్టీలున్న లావాటి ఒళ్లు చూసి పొరబడతారు. పొట్టి కాళ్లున్నాయేమో, కనురెప్ప వేస్తోందేమో చూడండి, పాముకు రెప్పలుండవు. అది నత్తల్ని తిని పెరటికి మేలు చేసే జీవి. గుర్తుపట్టడం కోసం దగ్గరికి మాత్రం పోకండి. అయిదు మీటర్ల నుంచి జూమ్ చేసి ఫోటో తీయండి. చికిత్సకు మీరు పాము పేరు చెప్పనక్కర్లేదు. రక్తపరీక్షను బట్టి, ఆ ప్రాంతంలో ఉండే పాముల్ని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు.

ప్రశ్న: గంధకం, వెల్లుల్లి, ఫినాయిల్ చల్లితే రావంటారు. సోలార్‌తో కంపించే గుంజలు కూడా అమ్ముతున్నారు. ఏది మంచిది?

జవాబు: ఏదీ వద్దు. గంధకం మీదుగా పాము నిక్షేపంగా పాకిపోతుంది. ఫినాయిల్ వానకు కొట్టుకుపోయి కప్పల్ని చంపుతుంది. కంపించే గుంజల పక్కనే చలికాచుకుంటున్న పాముల్ని పట్టిన స్నేక్ క్యాచర్లు బోలెడుమంది. ఆ డబ్బుతో తలుపు కింద బ్రష్ సీల్ వేయించుకోండి.

నిజంగా అడ్డేది జాలీ కంచె ఒక్కటే, అదీ పిల్లలు ఆడే చోటు చుట్టూ చిన్నగా కడితే. కన్నం 6 మిల్లీమీటర్లు, నేలమీద మీటరు ఎత్తు, నేలలోపల 30 సెంటీమీటర్లు, పైభాగం బయటికి వంగి ఉండాలి. గేటు కూడా అంతే బిగువుగా పడాలి. బయట నుంచి ఒక్క కొమ్మ దాని మీద వాలినా, ఆనించి ఒక్క కుండీ పెట్టినా పని అయిపోయినట్టే. కంచె కట్టే రోజు లోపల ఏ పామూ లేదని చూసుకోవడం మరవకండి.

ప్రశ్న: గ్యారేజ్‌లోకి పాము దూరింది, మా వారు పార తీసుకుని వెళ్లారు. ఎలాగో బయటికి పోయింది. చంపితే దాని జోడీ వస్తుందని అత్తయ్యగారి భయం. మళ్లీ వస్తే ఏం చేయాలి?

జవాబు: పార తీసుకుని వెళ్లడమే అన్నింటికంటే ప్రమాదం. కాట్లలో కొన్ని పామును చంపబోయినప్పుడో పట్టబోయినప్పుడో పడేవే. పార పిడి మీటరుంటే, బ్రౌన్ పెద్దదైతే మీటరున్నర. పైగా స్థానిక పాములన్నిటికీ చట్టం రక్షణ ఉంది: న్యూ సౌత్ వేల్స్‌లో 2016 నాటి, విక్టోరియాలో 1975 నాటి, క్వీన్స్‌ల్యాండ్‌లో 1992 నాటి చట్టాలు. లైసెన్సు లేకుండా పట్టడమూ నేరమే.

పాములు జంటగా బతకవు, పగ పట్టవు. వసంతంలో ఆడపాము పోయిన దారి వాసన పట్టుకుని మగపాములు వస్తాయి, అదే చోట రెండోది కనబడితే కారణం అది. అత్తయ్యగారికి ఇది చెప్పండి.

పాము కనబడగానే కదలకండి, తర్వాత మెల్లగా వెనక్కి జరగండి. గదిలో ఉంటే పిల్లల్నీ కుక్కల్నీ బయటికి పంపి, తలుపు మూసి, కింది సందులో తడి తువ్వాలు కుక్కండి. గ్యారేజ్ అయితే బయటి షట్టర్ తెరిచి, ఇంట్లోకి వచ్చే తలుపు మూసేయండి. మీరు దూరంగా నిలబడితే చాలాసార్లు అదే పోతుంది. పోకపోతే స్నేక్ క్యాచర్‌కు ఫోన్ చేయండి, వచ్చేదాకా ఒకరు దాని మీదే కన్నుంచాలి. ఎక్కడుందో తెలిస్తే పది నిమిషాల పని, తెలియకపోతే గ్యారేజ్ అంతా ఖాళీ చేయాలి. న్యూ సౌత్ వేల్స్‌లో వైర్స్ వంటి వన్యప్రాణి స్వచ్ఛంద సంస్థలు సాయపడతాయి, మిగతాచోట్ల ఎక్కువగా ఫీజు తీసుకునే లైసెన్సుదారులు వస్తారు. నంబరు ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి, పాము ఎదురుగా ఉండగా వెతుక్కోవడం కాదు.

ఈత కొలను ఉన్నవాళ్లకు ఇంకో మాట. పాము అందులో పడితే నున్నటి గోడ ఎక్కలేదు. ఒక పలకను అంచున వాలుగా పెట్టి దూరం జరగండి. నీటి మీది చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్టలో మాత్రం చూడకుండా చెయ్యి పెట్టకండి, అలసిన పాము చేరేది అక్కడికే.

ప్రశ్న: బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటున్నాం. ఇంటి కప్పులో రాత్రుళ్లు బరువుగా ఈడ్చిన చప్పుడు. కొండచిలువ అంటున్నారు. ఉండనివ్వొచ్చా?

జవాబు: కార్పెట్ పైథాన్ అయి ఉంటుంది. విషం లేదు, ఎలుకల కోసం చేరింది. ఉండనిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, కొన్నాళ్లకు అదే పోతుంది. పంజరంలో పిట్టలు, గినీ పిగ్స్, పిల్లిపిల్లలు ఉంటే మాత్రం తీయించేయండి. అది లోపల ఉండగా కన్నం మూయొద్దు. చచ్చి కంపు కొడుతుంది, లేదా ఇంకో సందులోంచి గదిలోకి దిగుతుంది. పోయాక కన్నాలు మూసి, కప్పు మీదికి వాలిన కొమ్మల్ని రెండు మీటర్ల దూరానికి కొట్టించండి. ఎలుకలుంటే దీని చోటికి ఇంకోటి వస్తుంది. కరిస్తే సబ్బుతో కడిగి డాక్టరుకు చూపండి, విరిగిన పళ్లు గాయంలో ఉండిపోతాయి, టెటనస్ ఇంజెక్షన్ కూడా కావాలి. కరిచింది పైథానే అని కచ్చితంగా తెలియకపోతే కడగడం మాట మరిచి పైన చెప్పిన కట్టే వేయండి.

ప్రశ్న: మా కుక్క పొదల్లోంచి వచ్చి ఒక్కసారి కూలబడి, మళ్లీ లేచి మామూలుగా తిరిగింది. పాము కరిచి ఉంటుందా?

జవాబు: అనుమానం రావాల్సిన లక్షణమే అది. కూలబడి లేచాక బాగైందనుకుంటారు, గంటల్లో వెనక కాళ్లు తడబడతాయి, వాంతులు, పెద్దవైన కంటిపాపలు, ఎర్రటి మూత్రం. అప్పటికి చికిత్స కష్టం. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లండి. మనుషులకు చెప్పిన కట్టు కుక్కకు వేయడం చేతగాదు, ఎక్కువగా మూతి మీదే కరుస్తుంది కూడా, దాని కోసం టైము పోగొట్టుకోకండి. చచ్చిన పామును వెంట తేవద్దు, తెగిన తల కూడా కరుస్తుంది. యాంటీవెనమ్ అన్ని క్లినిక్‌లలో ఉండదు, రాత్రుళ్లు మరీను. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే ఉన్నచోటు వాళ్లే చెబుతారు.